రాజుగారి పెట్టె... బాపు చక్రం!

నా ఎనిమిదో ఏట వరకూ రైలుకి చివర మంగలి షాపు ఉంటుందని గట్టిగా నమ్మాను. నవ్వకండి! తప్పు నాది కాదు, మాటది.

అప్పుడు మేం రామగుండంలో ఉండేవాళ్ళం. మా బాపు రైల్వేలో ఖలాసీ. బండి ఆగగానే పెట్టెల పక్కన నడుస్తూ, వంగి, సుత్తితో చక్రాలు కొట్టి చూసే ఉద్యోగం. ఓ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మా అవ్వతో అన్నాడు: "ఇయ్యాల బండెనుక సెలూన్ తగిలించిండ్రు. పెద్దసారు వచ్చిండు."

సెలూన్ అంటే నాకు తెలిసింది ఒక్కటే. తిరిగే కుర్చీ, ఎదురుగా పెద్ద అద్దం, గోడ నిండా సినిమా తారల బొమ్మలు! రైల్లోనే కటింగు చేసే ఏర్పాటు ఉందంటే ఎంత సంబరం! నా జుట్టు అప్పటికి చెవులు దాటి ఉంది. "బాపూ, రేపు నన్ను గూడ ఆ సెలూన్‌కు తీస్కపో" అన్నాను. ఇల్లంతా గొల్లుమంది. మా అవ్వయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు బాపు నన్ను నిజంగానే తీసుకుపోయాడు. పక్క లైను మీద ఒంటరిగా నిలబెట్టిన పెట్టె. కిటికీలకు తెరలు. మెట్ల మీద కూచుని ఓ వంటమనిషి ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. లోపల్నించి పోపు వాసన! రైలు పెట్టెలోంచి పోపు వాసన రావడం అదే మొదటిసారి చూశాను.

"లోపట ఏముంటది బాపూ?" అన్నాను.

"నాకేం ఎరుక బిడ్డా? నా పని చక్రం దాకనే" అన్నాడు బాపు.

ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది. పెద్దయ్యాక, పత్రికలకు రాయడం మొదలెట్టాక, ఎక్కడ పాత రైలుపెట్టె కనిపించినా ఆగి చూడటం అలవాటైంది. సినిమా పత్రికలో ఈ రైలు గోల ఏమిటని మీరు అడగొచ్చు. కారణం ఉంది. మీరూ నేనూ మొట్టమొదట ఓ జమీందారు పెట్టెలోనో, దొరగారి పెట్టెలోనో అడుగుపెట్టింది ఏ స్టేషన్లోనూ కాదు. థియేటర్లో, నేల టిక్కెట్టు మీద!

పట్టాల మీద దివాణం

ఇంతకీ ఈ సెలూన్ అంటే ఏమిటి? అచ్చంగా ఇల్లు. కాకపోతే చక్రాలుంటాయి. మామూలు పెట్టెలో వందమంది ప్రయాణం చేసే జాగాలో, ఇందులో ఒక్క కుటుంబం, ఒక్కోసారి ఒక్క మనిషి! ముందు కూచునే హాలు, ఆ వెనక పడకగది, స్నానాలగది, భోజనాల బల్ల, వంటగది, నౌకర్లు ఉండటానికి చిన్న గది. బండికి చివర తగిలిస్తే హాలు కిటికీలోంచి వెనక్కి జారిపోయే పట్టాలు కనిపిస్తాయి. అందుకే ఎక్కువగా చివరే తగిలిస్తారు. గమ్యం రాగానే విప్పి పక్క లైనులో పెడతారు. అయ్యగారు ఊళ్ళో పని చూసుకొచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. సత్రం వెతుక్కునే పనిలేదు.

ఇలాంటి పెట్టెలు ప్రపంచమంతా ఉన్నాయి. అమెరికాలో కోటీశ్వరులు సొంతంగా చేయించుకున్నారు. మన దేశంలో సంస్థానాల రాజులు, వైస్రాయిలు వాడారు. 1875లో విక్టోరియా రాణిగారి పెద్దకొడుకు, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డు రాజైన వేల్స్ యువరాజు, మనదేశం చూడటానికి వస్తే ఆయన కోసమే ఓ సెలూన్ తయారుచేశారు. బరోడా గైక్వాడుకు 1886 నాటి పెట్టె, మైసూరు మహారాజుకు 1899 నాటి పెట్టె ఉన్నాయి. మైసూరు వారిదైతే టేకు చెక్క, దంతపు పనితనం, బంగారపు మెరుగు. చూస్తుంటే రైలుపెట్టెలా కాదు, పెళ్ళినాటి నగలపెట్టెలా ఉంటుంది.

రాజులందరూ ఈ హంగులతో ఎక్కడికి పోయేవారు? వేటకి, వేసవిలో కొండలమీదికి, అన్నిటికన్నా ముఖ్యంగా దర్బారులకి. 1903లోనూ, 1911లోనూ ఢిల్లీ దర్బారులు జరిగినప్పుడు రాజుల ప్రత్యేక రైళ్ళు బారులు తీరాయి. ఎవరి తోపుల సలాము ఎంత, ఎవరి బండి ఎంత ముస్తాబు అన్నదే పోటీ. ఇప్పటి భాషలో చెప్పాలంటే హీరోల కటౌట్ల ఎత్తు గురించి అభిమానులు పోట్లాడుకోవడం లాంటిదన్నమాట!

మన నిజాం సంగతి

అందరు రాజులకీ సొంత పెట్టెలుంటే, మన హైదరాబాదు నిజాముకు ఏకంగా సొంత రైల్వేయే ఉంది.

దాని మొదలు 1874. మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న రోజుల్లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా లైను పడింది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు లైనుని కలుసుకుంది. ఆ తర్వాత ఓ కథ జరిగింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ కుర్రకారు తప్పకుండా తెలుసుకోవలసిన కథ.

ఉత్తరానికి, చాందా దాకా లైను పొడిగించాలని పథకం వేశారు. చాందా అంటే నేటి చంద్రపూర్, మన ఆదిలాబాదు పొలిమేర దాటితే వచ్చే ఊరు. లండన్‌లో వాటాలు పోగేసే కంపెనీ, ఆ వాటాలకు వడ్డీ గ్యారంటీ ఇచ్చేది నిజాం ఖజానా. నష్టం వస్తే ఎవరు భరిస్తారు? జనం! అందుకని నగరంలో కొందరు చదువుకున్నవాళ్ళు కమిటీగా ఏర్పడి, పథకం వివరాలు బయట పెట్టమని అడిగారు. వాళ్ళలో ఒకరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడుగారి నాన్నగారు. అడిగినందుకు దక్కిన బహుమానం ఏమిటి? 1883లో ఆయన్ని హైదరాబాదు నుంచి బహిష్కరించారు! రైలు గురించి ఒక్క ప్రశ్న అడిగి ఊరు విడిచిపోవలసి వచ్చిన మనిషి ఆయన. హైదరాబాదులో జనం తరఫున జరిగిన తొలి ఆందోళనల్లో అదొకటని చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

గ్యారంటీ మీద నడిచింది కనుక కంపెనీ పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అయింది. 1889 నాటికి లైను బెజవాడ దాకా పోయింది. చాందా వైపు మాత్రం పట్టాలు సాగటానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా బల్లార్షా దాకా లైను పూర్తయింది 1929లో. గోదావరి మీద వంతెన పడింది. మద్రాసు–ఢిల్లీల మధ్య దగ్గరి దారి మన అడవుల్లోంచి తెరుచుకుంది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ కూత మన తాతలు విన్నది అప్పుడే. బెల్లంపల్లి బొగ్గు, ఆ తర్వాత సిర్పూరు కాగితం దేశం మీదికి పోయింది ఈ దారినే.

1930లో కంపెనీ చేతుల్లోంచి రైల్వేని నిజాం ప్రభుత్వమే తీసేసుకుంది. అన్నట్టు, మీరు రోజూ ఎక్కే ఆర్టీసీ బస్సు కూడా ఈ రైలుకి పుట్టిన బిడ్డే! 1932లో నిజాం రైల్వేకి అనుబంధంగా 27 బస్సులతో మొదలైన శాఖే పెరిగి పెరిగి ఆర్టీసీ అయింది. కరీంనగర్ పట్టణానికి చాలాకాలం ఆ బస్సులే దిక్కు. పక్కనే పెద్దపల్లిలో రైళ్ళు పరుగెడుతున్నా, కరీంనగర్ వాళ్ళు సొంత ఊళ్ళో కూత వినటానికి 1990లలో తలపెట్టిన పెద్దపల్లి లైను వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆదిలాబాదు పట్టణానికేమో మరో వైపు నుంచి, ముద్‌ఖేడ్ మీదుగా, చిన్న పట్టాల మీటరుగేజి బండి వచ్చేది. అది పెద్ద లైనుగా మారింది ఈ శతాబ్దంలోనే.

ఇంత రైల్వేకి యజమాని అయిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బొమ్మని 1937లో అమెరికా 'టైం' పత్రిక ముఖచిత్రంగా వేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని! ఆ ధనవంతుడి రాజ్యంలో మన జనం రైల్లో ఎలా పోయేవారో కూడా చూద్దాం.

పనసపండు తెచ్చిన తంటా

రాజుగారి పెట్టెలో స్నానాలగది ఉందని చెప్పాను కదా. అదే కాలంలో మూడో తరగతిలో మరుగుదొడ్డి కూడా లేదు. బండి ఆగినప్పుడు దిగి, పొదల చాటుకి పోయి, మళ్ళీ పరుగెత్తి ఎక్కాలి.

1909లో బెంగాలులో అఖిల్ చంద్ర సేన్ అనే పెద్దమనిషికి ఇదే గతి పట్టింది. పనసపండు కాస్త ఎక్కువ లాగించి బండెక్కాడు. కడుపు ఉబ్బింది. అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి పని కానిస్తుండగా గార్డు ఈల వేసేశాడు! ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని బండి వెంట పరుగు. పడ్డాడు. ప్లాట్‌ఫారం మీది ఆడామగా అందరి ఎదుటా పరువు పోయింది. బండీ పోయింది. ఒళ్ళు మండి, వచ్చీరాని ఇంగ్లీషులో రైల్వే ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ఆ గార్డుకి జుల్మానా వెయ్యకపోతే పేపర్లకి ఎక్కిస్తానని బెదిరించాడు కూడా. కింది తరగతుల పెట్టెల్లో మరుగుదొడ్లు పెట్టడానికి ఆ ఉత్తరమే కారణమని రైల్వే వాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఢిల్లీ రైలు మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకి పెట్టారు. రాజుల సెలూన్లు ఉన్న ఆవరణలోనే! మన హాస్యనటులకి చేతికందిన సీను కదూ?

గాంధీగారు కావాలనే మూడో తరగతిలో తిరిగి, ఆ అవస్థల మీద 1917లో వ్యాసమే రాశారు. 'మూడో తరగతి' అన్న మాట మన రైళ్ళ మీంచి చెరిగిపోయింది 1974లో. అంటే మీ తాతయ్యలు చాలామంది ఆ పెట్టెల్లో పెళ్ళిళ్ళకు పోయినవాళ్ళే. వెళ్ళి అడగండి. గంటసేపు చెబుతారు.

టేకు పోయి ఉక్కు వచ్చె

స్వతంత్రం వచ్చింది. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. నిజాం రైల్వే కూడా భారత రైల్వేల్లో కలిసిపోయి, 1951లో మధ్య రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. రాజులు పోయారు. 1971లో రాజభరణాలు కూడా పోయాయి. మరి వాళ్ళ పెట్టెలు?

ఇక్కడే అసలు ప్రమాదం వచ్చింది. ఆ పెట్టెలకి శత్రువు రాజకీయం కాదు, ఉక్కు! పాత పెట్టెలకి కింద ఇనుప చట్రం, పైన టేకు ఒళ్ళు. చూపుకి అందం. కానీ ప్రమాదం జరిగితే ఒక పెట్టె ఇంకోదాంట్లోకి అగ్గిపెట్టెలో అర దూరినట్టు దూసుకుపోయేది. నిప్పంటుకుంటే కట్టెల మోపే. 1955 అక్టోబరు 2న మద్రాసు పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. మొత్తం ఉక్కుతో, గుద్దుకున్నా ఒకదాంట్లో ఒకటి దూరని పెట్టెలు రావడం మొదలెట్టాయి. మనమంతా ఇన్నేళ్ళు తిరిగిన నీలిరంగు పెట్టెలు అవే. జనం ప్రాణాలకి అది మంచి రోజు. టేకు పెట్టెలకి మాత్రం ఆఖరి రోజు. ఒక్కొక్కటే పట్టాలు దిగాయి. కొన్నిటిని విప్పి కలపగా అమ్మేశారు. కొన్ని షెడ్ల వెనక ఎండకి ఎండి, వానకి తడిసి చెదలపాలయ్యాయి.

మిగిలినవి రెండు దారుల్లో మిగిలాయి. ఒకటి మ్యూజియం. 1977 ఫిబ్రవరి 1న ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం తెరిచారు. వేల్స్ యువరాజు పెట్టె, బరోడా, మైసూరు, ఇందూరు రాజుల పెట్టెలు అక్కడికి చేరాయి.

రెండోది మరీ విచిత్రం. 1982 జనవరి 26న రాజస్థాన్‌లో 'ప్యాలెస్ ఆన్ వీల్స్' అనే యాత్రికుల రైలు బయల్దేరింది. దానికి కొత్త పెట్టెలు చెయ్యలేదు. రాజపుత్ర రాజులవి, గుజరాతు రాజులవి, వైస్రాయిది, మన హైదరాబాదు నిజాముది... పాత సెలూన్లనే వెతికి తెచ్చి, తుడిచి, ముస్తాబు చేసి తగిలించారని ఆ రైలు చరిత్ర. ఒకప్పుడు ఆయన అనుమతి లేనిదే ఎవరూ కన్నెత్తి చూడని పెట్టెలో, టిక్కెట్టు కొనుక్కున్న ఎవరైనా కాళ్ళు బారజాపి పడుకోవచ్చు! టిక్కెట్టు ధర మాత్రం మనలాంటి వాళ్ళు అడక్కపోవడమే మంచిది లెండి.

ఆ ముచ్చట కూడా ఎన్నాళ్ళో సాగలేదు. పెట్టెలు ముసలివి. దాంతోపాటు మీటరుగేజి లైన్లు పోయి పెద్ద లైన్లు వచ్చాయి. 1990లలో అచ్చం అలాగే కనిపించే కొత్త పెట్టెలు చేయించి, పాతవాటికి సెలవిచ్చారు. అంటే రాజుగారి అసలు పెట్టె పోయి, దాని సెట్టింగు మిగిలిందన్నమాట! ఆ మాట అనగానే మనం మన ఇలాకాలోకి, సినిమాలోకి వచ్చేశాం.

కదలని బండి – కదిలే బొమ్మ

మీరు సినిమాలో చూసే రైలుపెట్టె లోపలి దృశ్యాల్లో చాలావాటికి పట్టాలుండవు. స్టూడియో ఫ్లోరులో చెక్కతో సగం పెట్టె కడతారు. కెమెరాకి అడ్డమొచ్చే గోడ ఊడిపోయేలా ఉంటుంది. కింద దుంగలో, స్ప్రింగులో పెట్టి, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు పక్కన నిలబడి ఊపుతుంటారు. ఇంకొకడు కొమ్మలు పట్టుకుని కిటికీ ముందు పరుగెడతాడు. ఇంకొకడు దీపం తిప్పుతాడు. తెర మీద అది రాత్రి ఎక్స్‌ప్రెస్! ఇప్పుడైతే కిటికీ అవతల ఆకుపచ్చ గుడ్డ కడితే సరి. అడవులూ కొండలూ కంప్యూటర్లో పుడతాయి.

సత్యజిత్ రే 1966లో 'నాయక్' తీశారు. ఓ సినిమా హీరో కలకత్తా నుంచి ఢిల్లీకి రైల్లో పోవడమే కథ. ఉత్తమ్ కుమార్ హీరో. ఆ పెట్టెని కళా దర్శకుడు బన్సీ చంద్రగుప్త స్టూడియోలో కట్టారు. చూసినవాళ్ళెవరూ అది కదలని పెట్టె అనుకోరు.

ఇంకా తమాషా 'ఆరాధన'ది. 1969 నాటి సినిమా. డార్జిలింగ్ చిన్న రైలు పక్కన జీపులో రాజేష్ ఖన్నా పాడుతూ పోవడం, కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని షర్మిలా టాగూర్ దొంగచూపులు చూడటం మన నాన్నల తరానికి ప్రాణం. తీరా చూస్తే ఆ ఇద్దరూ ఆ కొండ మీద ఎదురుపడనే లేదు! షర్మిల రే సినిమా షూటింగులో ఉండటంతో ఆమె కిటికీ షాట్లు తర్వాత స్టూడియోలో తీశారు. ఆయన చూసింది ఖాళీ కిటికీని, ఆమె చూసింది ఫ్లోరు గోడని. మధ్యలో ప్రేమ పుట్టించింది ఎడిటింగు బల్ల!

1972లో వచ్చిన 'పాకీజా'లో నిద్రపోతున్న మీనాకుమారి పాదాల దగ్గర ఎవరో చీటీ పెట్టిపోయింది కూడా రైలుపెట్టెలోనే. రైలు కూత వినపడినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతుంటే హాలంతా ఉలిక్కిపడింది. మన 'వెంకీ'లో రైలు గొడవ తలుచుకుంటే 2004 నాటి కుర్రాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. వీటికి భిన్నంగా, 2007లో వెస్ ఆండర్సన్ 'ది డార్జిలింగ్ లిమిటెడ్' కోసం సెట్టు వద్దని, నిజం పెట్టెలకే రాజస్థాన్ చిత్రకారులతో బొమ్మలు వేయించి, నడిచే బండిలోనే తీశాడు. మనకి దగ్గర్లో అయితే రామోజీ ఫిల్మ్ సిటీలో ఏకంగా రైల్వేస్టేషనే కట్టి ఉంచారు. బోర్డు మారిస్తే ఊరు మారిపోతుంది.

నేను చెప్పొచ్చేదేమిటంటే... రాజులు తమ పెట్టెల తలుపులు మూసి ఉంచుకున్న రోజుల్లోనూ, ఆ తర్వాతా, సామాన్యుడికి ఆ తలుపు తీసి చూపించింది సినిమానే. వెల్వెట్టు కుర్చీ, గాజు దీపం, వెండి పళ్ళెం మనం చూశాం అంటే ఏ వడ్రంగో కొట్టిన మేకుల పుణ్యం. ఒక్క మనిషి కోసం చేసిన వస్తువు ఒక్క మనిషి దగ్గరే ఉంటే చెదలు తింటుంది. పదిమంది కళ్ళలో పడిందా, ఏదో రూపంలో బతుకుతుంది. రాజుల పెట్టెల చరిత్రంతా నాకు ఈ రెండు ముక్కల్లోనే కనపడుతుంది.

రైల్వే వాళ్ళూ ఆ తోవకే వచ్చారు. పెద్ద అధికారులు వాడే సెలూన్లని మామూలు జనానికి కిరాయికి ఇవ్వాలని తీర్మానించి, 2018 మార్చి 30న మొదటి దాన్ని ఢిల్లీ నుంచి కాట్రాకు పంపారు. రెండు పడకగదులు, హాలు, వంటగది. చిన్నప్పుడు నేను ఉల్లిగడ్డల వాసన చూసింది అలాంటి పెట్టె దగ్గరే.

చాణక్యపురిలో బాపు

పోయిన చలికాలం బాపుని ఢిల్లీ తీసుకుపోయాను. రిటైరయ్యాక వచ్చిన పాసు మీదనే ప్రయాణం. బతుకంతా బండ్ల పక్కన నడిచిన మనిషి, రామగుండం నుంచి ఢిల్లీ దాకా కూచుని పోవడం అదే మొదలు. దారిపొడుగునా బండి ఆగినప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూడటమే. "గీ స్టేషన్ల ఎవ్వడు సుత్తి కొడ్తలేడేందిరా?" అని ఆరాటం. చక్రం వేడినీ, చప్పుడునీ కనిపెట్టే యంత్రాలు వచ్చాయని చెప్పాను. "యంత్రానికి చెవులుంటయా?" అన్నాడు. ఆయన చెవుల్లో ఒకటి సరిగా వినపడదు. అన్నేళ్ళ సుత్తి దెబ్బలూ, ఇంజన్ల హోరూ తినేశాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తం.

మ్యూజియంలో ముందు పనసపండు ఉత్తరం కథ చెప్పాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత మైసూరు రాజుగారి పెట్టె దగ్గరికి తీసుకుపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేనడిగిన ప్రశ్నకి జవాబు చూపించాలని నా తాపత్రయం. "లోపట చూడు బాపూ, గిదే సెలూన్! మంచం, కుర్చీ, బంగారం పని... చూడు" అన్నాను.

కిటికీ దగ్గరికి వచ్చి, అద్దానికి చేతులు ఆనించి లోపలికి చూశాడు. ఓ అర నిమిషం. "మంచిగున్నది" అన్నాడు. అంతే! నాకు ఉసూరుమంది. ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట కోసమా?

పక్కకి తిరిగి చూస్తే మనిషి లేడు. వంగి, ఆ వయసులో ఓ మోకాలు నేలకి ఆనించి, పెట్టె కిందికి చూస్తున్నాడు. స్ప్రింగులు, ఇరుసు పెట్టె, బ్రేకు కట్టెలు... ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ తనలో తనే ఏదో అనుకుంటున్నాడు. బంగారం పనికి అర నిమిషం ఇచ్చిన మనిషి ఇక్కడ పావుగంట ఉన్నాడు. మంచి చక్రం గంటలా మోగుతుందని, బీటపడ్డది పగిలిన కుండలా బొంగురుపోతుందని నాకు చిన్నప్పుడే నేర్పిన మనిషి.

జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాడు. అటూ ఇటూ చూశాడు, దొంగపిల్లాడిలా. చక్రం అంచు మీద టంగున ఓ దెబ్బ! వెంటనే అరచెయ్యి చక్రానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"వినపడ్డదా బాపూ?" అన్నాను.

"చేతికి వినపడ్డది" అన్నాడు. లేచి, మోకాలి దుమ్ము దులుపుకుంటూ, "మీద దర్బారు రాజుది గావచ్చు బిడ్డా. చక్రం మాత్రం మాదే. ఇంకా మంచిగనే ఉన్నది" అన్నాడు.

పెట్టె పక్కన పెట్టిన పలక మీద రాజుగారి పేరుంది, సంవత్సరం ఉంది. ఆ టేకుని చిత్రిక పట్టిన వడ్రంగి పేరు లేదు. ప్రతి మజిలీలోనూ చక్రం కొట్టి చూసి, రాజుగారిని క్షేమంగా ఇల్లు చేర్చిన ఖలాసీ పేరు లేదు. మన సినిమాల్లోనూ అంతేగా! పెట్టెని ఊపిన కుర్రాళ్ళ పేర్లు తెర మీద ఎన్నడైనా చూశారా?

ఈసారి మంచిర్యాలలోనో, పెద్దపల్లిలోనో బండి కోసం నిలబడినప్పుడు, వచ్చిన బండి చివరి పెట్టెని ఓసారి చూడండి. కిటికీలకి తెరలుంటే అది సెలూనే. లోపల ఎవరున్నారోనని తొంగి చూడటం సహజం. చూడండి, తప్పు లేదు. ఆ తర్వాత కాస్త వంగి కిందికి కూడా చూడండి.